సైనిక విద్యాలయ ప్రవేశము – వంశము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



భారతమున రాజకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టమును మీరెల్లరు హరికథలలో వినియే యుందురు. అర్జునునితో పోరుటకు రంగమున నిలిచిన కర్ణుని చూచి కృపాచార్యుడు, నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది యని యడిగెను. సైనిక విద్యాలయముల వాకిట ఆ ప్రశ్న నేటికిని పూర్తిగ అణగలేదు.

అమెరికాలో వెస్ట్ పాయింట్ అను సైనిక విద్యాలయము కలదు. అందు చేరుటకు అర్హతతోబాటు నామనిర్దేశమును వలయును. చిరకాలము సైన్యమున కొలువు చేసినవారి సంతానమునకు అధ్యక్షుని నామనిర్దేశముపై ఏటా 100 స్థానములు గలవు. ఆ దేశపు అత్యున్నత శౌర్యపతకము నందినవారి బిడ్డలకు ఆ సంఖ్యాపరిమితియు లేదు, అర్హులైన చాలును.

ఈ నియమములు తరువాతివి. జనరల్ డగ్లస్ మెకార్థర్ తండ్రి ఆ పతకము పొందిన సేనానియే. కుమారుని కొరకు ఇద్దరు అధ్యక్షుల కడకు విన్నపములు పోయినవి, ఫలింపలేదు. అంతట తల్లి కుమారుని వెంటబెట్టుకొని మిల్వాకీ నగరము చేరినది. అచ్చటి ప్రతినిధిసభ సభ్యుడు 1898లో పెట్టిన పోటీ పరీక్షలో ఆ బాలుడు 93.3 మార్కులతో ప్రథముడయ్యెను. 1899లో విద్యాలయమున చేరి, 1903లో ప్రథముడుగనే వెలువడెను. తండ్రి పేరు చేయలేని పని చదువు చేసినదని మురియవచ్చును. కాని చదువు కొరకే ఊరు మార్చగల తల్లి, న్యాయమూర్తియైన తాత – వీరిని కూడ జమ వైపు వ్రాయకున్నచో అది దొంగలెక్క యగును.

మన రాజ్యాంగము 16వ అధికరణమున, ప్రభుత్వోద్యోగములందు వంశమును బట్టి వివక్ష కూడదనినది. గుంటూరు జిల్లా గ్రామ మునసబు పదవిని గూర్చిన వ్యాజ్యములో, ఆ కారణము చేతనే వారసత్వపు హక్కు చెల్లదని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెప్పెను. 1984లో మునసబు, కరణముల పదవులే రద్దయినవి. మా తాతగారి కరణీకము మా తండ్రిగారికి దక్కినది, నాకు దక్కలేదు. ఆనాడది అన్యాయమని నేనేడ్చిన మాట దాచను.

ఖడక్వాస్లా లోని జాతీయ రక్షణ అకాడమీకి వ్రాత పరీక్ష 900 మార్కులు: గణితమునకు 300, సామాన్య సామర్థ్యమునకు 600. ఎంపిక మండలి పరీక్షలకు మరి 900. తండ్రి హోదాకు అందు పద్దు లేదు. 2022 నుండి బాలికలును చేరుచున్నారు. ఐనను, దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెనో, మండలి ఎదుట ఎట్లు మాటలాడవలెనో సైనికుని బిడ్డకు భోజనము వేళ తెలియును. కూలికి పోవు తండ్రి బిడ్డకు ఎవరు చెప్పుదురు? ఈ గదిలోని పత్రికల బల్లయే చెప్పవలెను.

ఆ పరీక్ష ప్రకటన ఏటా రెండు మార్లు వచ్చును. వచ్చిన నాడే వాకిటి నల్లబల్లపై వ్రాయు భారము నాది. లెక్కలు కావలసిన పిల్లలకు ఆదివారము ఉదయము నేనీ అరుగు మీదనే యుందును.