దసలి పట్టు: మన అడవి ఇచ్చే బట్ట

  

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రసాయనాలు తక్కువ వాడిన బట్టకు ఇప్పుడు పట్నాల్లో గిరాకీ ఉంది. దానికి కావలసిన దారం మన అడవిలోనే ఉంది. అదే దసలి పట్టు.

చెన్నూరు, కోటపల్లి, మహాదేవపూర్ అడవుల్లో మనవాళ్లు నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీద ఈ పురుగులను పెంచుతారు. నాలుగుసార్లు కుబుసం విడిచాక పురుగు గూడు కడుతుంది. అప్పటిదాకా పక్షులు, చీమల బారిన పడకుండా రైతు చెట్ల కిందే కాపలా కాస్తాడు. ఆ చెట్టుకు మందు కొడితే ముందు చచ్చేది పట్టుపురుగే. అందుకే మద్ది చెట్టు మీద మందు పడదు.

పత్తి సంగతి వేరు. 2002లో బీటీ విత్తనానికి అనుమతి వచ్చింది. అది ఆపేది కాయతొలుచు పురుగునే, పచ్చదోమను కాదు. తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ లొంగలేదు. పిచికారీ తప్పలేదు. అయినా 2004లో మొదలైన చేతన ఆర్గానిక్‌తో కలిసి ఆసిఫాబాద్ వైపు గిరిజన రైతులు సేంద్రియ పత్తి పండించారు. అంటే దారి ఉంది.

అయితే చెట్టు మీద మందు లేనంత మాత్రాన బట్ట శుభ్రమైనట్టు కాదు. గూటి జిగురు కరగడానికి సోడా వేసి ఉడికిస్తారు. లేత రంగులద్దాలంటే ముందు దారాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరుస్తారు. దసలికి సహజంగానే తేనె రంగుంది. దాన్ని అలాగే ఉంచితే ఆ రెండో పని అక్కర్లేదు. రంగు కావాలంటే హోలీకి మనం ఉడికించే మోదుగు పూలున్నాయి, కరక్కాయ ఉంది. రంగు పట్టడానికి కొద్దిగా పటిక చాలు. మోదుగు పసుపు ఎండకు వెలుస్తుంది. ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

అసలు నష్టం మరోచోట ఉంది. మనం గూళ్లను వెయ్యికింత అని అమ్మేసి ఇంటికి వస్తాం. దారం తీసే కూలి, నేసే కూలి, బట్ట మీద లాభం ఇంకొకరివి. మహాదేవపూర్‌లో దసలి నేసే చేతులు ఉన్నాయి. మధ్యలో దారం తీసే పని మన పిల్లలు ఎందుకు నేర్చుకోకూడదు?

మీరు చేయాల్సినవి మూడు. మద్ది చెట్టు నరికి పత్తి వేయనివ్వకండి. దారం తీయడం నేర్చుకోండి. ఈ తొలకరికి పెద్దల వెంట ఒక్క పంటకాలమైనా చెట్ల కింద కాపలా ఉండండి. ఆ పని పుస్తకంలో రాదు.

జై సేవా!