వివాదాంశ మెచ్చట?

అమెరికాలో న్యాయకళాశాలా ప్రవేశమునకై 1948 నుండి జరుగుచున్న ఎల్‌శాట్ పరీక్షయందు, ఇరువురి సంభాషణము నిచ్చి, వారికి భేదాభిప్రాయ మెచ్చట నున్నదో కనుగొనుమను ప్రశ్న యొకటి కానవచ్చును.

"వంతెనవలన వర్తకము వృద్ధియగును గనుక దానిని కట్టవలసినదే" యని యొకడనగా, "వర్తకవృద్ధి నిజమే గాని, వ్యయము భరింపరానిది; కట్టరాదు" అని వేఱొకడు పలికెననుకొందము. వర్తకమునందు వీరికి ఏకీభావమే. వ్యయమును గూర్చి మొదటివాడు నోరు మెదపనేలేదు. ఆ మౌనమును విరోధముగా నెంచుటయే పరీక్షార్థులకు సహజమైన పొరపాటు. కావున సూచితమైన ప్రతి సమాధానమును గూర్చియు, ఇరువురును అభిప్రాయము తెలిపిరా, తెలిపినచో ఒకడు ఔననగా రెండవవాడు కాదనునా యని విచారింపవలెను. ఎవరి పక్షము సత్యమను తీర్పుతో నిచ్చట పనిలేదు. ఈ విచారణయందు నిలుచునది, వంతెన కట్టవలెనా, వలదా యనునదొక్కటే. మన తర్కశాస్త్రమగు న్యాయదర్శనమునకు భాష్యము రచించిన వాత్స్యాయనుడును, ఒకే ఆశ్రయమునందు చెప్పబడిన విరుద్ధధర్మములకే పక్షప్రతిపక్షత్వము నంగీకరించెను.