ధర్మాసుపత్రియా, బీమా పత్రమా?

(పాఠశాల ప్లాటినం జయంతి ఉత్సవ సభలో పూర్వ విద్యార్థి, విశ్రాంత ప్రభుత్వ వైద్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల జ్ఞాపకాలను చెప్పవలసిందిగా ఉత్సవ సంఘం వారు నన్ను ఆదేశించారు. నా జీవితంలో పాఠశాల జ్ఞాపకమూ, ఆసుపత్రి జ్ఞాపకమూ ఒకదానిని విడిచి మరొకటి ఉండవు. కనుక రెండింటినీ కలిపియే మనవి చేసుకుంటాను.

నేను ఏడవ తరగతి చదువుతుండగా, చెన్నపట్నం హార్బరులో మూటలు మోసే మా నాన్నగారికి ఒకనాటి సాయంత్రం కడుపులో పుండు పగిలింది. ఇరుగుపొరుగువారు రిక్షాలో వేసుకొని ధర్మాసుపత్రికి చేర్చారు. ఆ రాత్రియే శస్త్రచికిత్స జరిగింది. మంచం ఖాళీ లేనందువలన మూడు రోజులు చాప మీదనే ఉన్నారు. పంతొమ్మిదవ నాడు తమ కాళ్లతో నడిచి ఇంటికి వచ్చారు. శస్త్రచికిత్సకు గాను మేము చెల్లించినది ఒక్క రూపాయి కూడా లేదు. ఆ పంతొమ్మిది రోజులూ మా తెలుగు పంతులుగారు మధ్యాహ్నం తమ కారియరులోని అన్నంలో సగం నాకు పెట్టి, సాయంత్రం తప్పిపోయిన పాఠాలను కూర్చోబెట్టి చెప్పారు. ఆ ఆసుపత్రి వాకిలి, ఈ పాఠశాల వాకిలి - రెండింటిలో ఏ ఒక్కటి ఆనాడు మూసి ఉన్నా నేను వైద్యుణ్ణి కావడం కల్ల.

"ధర్మాసుపత్రి" అన్న మాట మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. ఆ మాటలోని ధర్మాన్ని మనం బిచ్చం అనే అర్థంలో తీసుకున్నాం. దానికి చరిత్రలో కారణం లేకపోలేదు. ఉత్తర చెన్నపట్నంలోని స్టాన్లీ ఆసుపత్రి మూలాలు 1782 నాటి కరువులో నిరుపేదలకు గంజి పోసిన మణియకారర్ సత్రంలో ఉన్నాయి. పాతకాలపు వారు దానిని "కంజి తొట్టి ఆసుపత్రి" అనియే పిలిచేవారు. గంజి పోసిన చోటనే మందు ఇచ్చారు. 1938 నాటికి అక్కడ వైద్య కళాశాల వెలసింది. కాని ధర్మానికి కర్తవ్యమనే అర్థం కూడా ఉన్నదని మనవి. రోగికి చికిత్స చేయించడం దాతల దయయా, ప్రభుత్వ కర్తవ్యమా, లేక ఎవరికి వారు కొనుక్కోవలసిన సరుకా అన్నదే నేటి వాదోపవాదాలన్నింటికీ మూలమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన దేశంలో తొలి సమాధానం స్వాతంత్ర్యానికి ముందే లభించింది. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమితమైన సంఘం 1946లో తన నివేదికను సమర్పించింది. చెల్లించే స్తోమత లేదన్న కారణంతో ఏ వ్యక్తికీ తగిన వైద్యం అందకుండా పోరాదన్నది ఆ నివేదికకు పునాది. నేడు మనం చూస్తున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు బీజం అక్కడే పడింది. బ్రిటన్‌లో 1948 జూలై 5న అన్యూరిన్ బెవన్ నాయకత్వాన జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభం కావడానికి రెండేళ్లు ముందుగానే మనవారు ఈ ఆదర్శాన్ని కాగితం మీద పెట్టారు. వారు ఆచరణలో పెట్టారు. మనం సగంలో ఆగాం.

ఇక బీమా మాట. బీమాను నేను నిందించబోవడం లేదు. పదిమంది తలా కొంత వేసి, ఆపదలో ఉన్న ఒకరిని ఒడ్డున వేయడం మన చీటీల సంప్రదాయానికి దగ్గరి చుట్టమే. జర్మనీలో బిస్మార్కు 1883లో కార్మికులకు నిర్బంధ ఆరోగ్య బీమాను ప్రవేశపెట్టాడు. మన దేశంలో 1948 నాటి చట్టం మేరకు కార్మిక రాజ్య బీమా పథకం 1952లో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. వీటి బలమంతా ఒక్క విషయంలోనే ఉన్నది: ఆరోగ్యవంతుడు, రోగి, యువకుడు, వృద్ధుడు అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు, జీతాన్ని బట్టి చందా ఇస్తారు, రోగాన్ని బట్టి వైద్యం పొందుతారు.

ఎవరికి వారు కొనుక్కునే బీమా లెక్క వేరు. 1986లో ప్రభుత్వ రంగ సంస్థలే మెడిక్లెయిమ్‌ను తెచ్చాయి. 1999 నాటి చట్టం తరువాత ప్రైవేటు సంస్థలు రంగప్రవేశం చేశాయి. ఈ బీమాను తప్పక తీసుకోగోరేవాడు రోగభయం ఉన్నవాడు; సంస్థ కోరుకునేవాడు రోగం లేనివాడు. అందువలననే పూర్వ వ్యాధులకు నిరీక్షణ కాలం, వయసుతో పెరిగే ప్రీమియం, పత్రం వెనుక సన్నని అక్షరాలు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, ఆ వ్యాపారపు గణితం. ఆ గణితంలో ఎవరికి వైద్యం అత్యవసరమో వారే ఖరీదైన మనుషులు అవుతారు.

నాతోపాటు ఈ బల్లల మీద కూర్చున్న మిత్రుడొకడు ఎనిమిదేళ్లు క్రమం తప్పక ప్రీమియం కట్టాడు. గుండెపోటు వచ్చింది. పత్రం తీసుకున్ననాడు మధుమేహం సంగతి వ్రాయలేదన్న కారణంతో అతని దరఖాస్తును త్రోసిపుచ్చారు. వ్రాయకపోవడం అతని తప్పే. కాని ఏజెంటు "సంతకం పెట్టండి సార్, మిగిలినది నేను నింపుతాను" అన్నప్పుడు మనలో ఎందరం ఆ కాగితాన్ని చదువుతాం? అతడు కూతురి పెండ్లికి దాచిన సొమ్ముతో బిల్లు కట్టాడు. ఈ సంఘటన జరిగిన తరువాత నిబంధనలు కొంత మెరుగుపడ్డాయి. 2024లో నియంత్రణ సంస్థ పూర్వ వ్యాధులకు నిరీక్షణ కాలాన్ని మూడేళ్లకు మించరాదన్నది. ఐదేళ్లు నిరంతరాయంగా సాగిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న పేరుతో కాదనరాదన్నది. మంచి మార్పులే. అయినా చేతిలో పత్రం ఉండడం వేరు, ఊరిలో ఆసుపత్రి ఉండడం వేరు.

ప్రైవేటు బీమాను ప్రధాన మార్గంగా ఎంచుకున్న అమెరికాను చూడండి. 2022లో ఆ దేశం తన స్థూల జాతీయోత్పత్తిలో సుమారు 17 శాతాన్ని వైద్యానికి వెచ్చించింది. వృద్ధులకు, పేదలకు 1965 నుండి ప్రభుత్వ బీమా ఉన్నది. 2010లో సంస్కరణ చట్టం కూడా వచ్చింది. అయినప్పటికీ 2023లో దాదాపు 2 కోట్ల 60 లక్షల మందికి ఏ బీమా లేదు. బ్రిటన్ చేసే వ్యయం అంతకు చాలా తక్కువ. సగటు ఆయుర్దాయం మాత్రం అమెరికా కంటె ఎక్కువ. అట్లని బ్రిటన్ నందనవనమని భ్రమించరాదు. 2023లో ఒక్క ఇంగ్లండులోనే చికిత్సకై నిరీక్షించే కేసుల పట్టిక 70 లక్షలకు పైగా ఉన్నది. డబ్బు కొరత పడిన ప్రభుత్వ వైద్యం వరుసలో నిలబెడుతుంది. ప్రైవేటు బీమా డబ్బు లేనివాణ్ణి వరుసలోకే రానివ్వదు. రెండు దోషాల మధ్య భేదం ఇది.

మన దేశంలో ఈ రెంటికీ మధ్యేమార్గంగా ప్రభుత్వమే ప్రీమియం చెల్లించే పథకాలు వచ్చాయి. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలైంది. తమిళనాట 2009లో కలైజ్ఞర్ పేరిట, 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పేరిట పథకాలు నడిచాయి. 2018 సెప్టెంబరులో కేంద్రం కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు హామీ ఇచ్చే ఆయుష్మాన్ భారత్ బీమాను ప్రారంభించింది. గుండెకు రంధ్రంతో పుట్టిన కూలివాని బిడ్డ పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్స పొంది నవ్వుతూ ఇంటికి వెళ్లడాన్ని నేను కళ్లారా చూశాను. దానిని కాదనే హృదయం నాకు లేదు. కాని ఈ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన పిదప పనికివచ్చేవి. రక్తపోటుకు రోజూ వేసుకునే మాత్ర మాటేమిటి? గర్భిణికి నెలనెలా పరీక్ష మాటేమిటి? వీధిలో కలుషిత జలం మాటేమిటి? రక్తపోటు మాత్ర పదేళ్లు అందితే పక్షవాతం రాకుండా పోవచ్చు. రాకుండా పోయిన పక్షవాతానికి ఏ ఆసుపత్రీ బిల్లు వేయదు. అందుకే ఆ పనిని సర్కారు తప్ప మరెవ్వరూ తలకెత్తుకోరు.

లెక్కలు కూడా ఒకసారి చిత్తగించండి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ప్రసవాలు కాక ఇతర రోగాలకు ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటు ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. దేశంలోని మొత్తం వైద్య వ్యయంలో ప్రజలు నేరుగా తమ జేబు నుండి పెట్టుకున్న భాగం 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. అదే కాలంలో ప్రభుత్వాల వ్యయం జాతీయోత్పత్తిలో 1.15 శాతం నుండి 1.84 శాతానికి చేరింది. ప్రభుత్వం చేయి పెట్టిన మేరకు పేదవాని జేబుకు ఊరట లభించింది. 2025 నాటికి 2.5 శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో మనకు మనమే మాట ఇచ్చుకున్నాం.

ప్రభుత్వ వైద్యంలోని లోపాలను దాచిపెట్టడానికి నేను ఇక్కడ నిలబడలేదు. ముప్పది రెండేళ్ల ఉద్యోగంలో అన్నీ చూశాను. స్ట్రెచర్ త్రోయడానికి చేయి చాచినవారిని చూశాను. ఉదయం ఓపీలో రెండు వందల మందిని చూసి, మూడవ గంటకు రోగి ముఖం చూడకుండానే చీటీ వ్రాసిన వైద్యుణ్ణి చూశాను. కొన్నాళ్లు ఆ వైద్యుణ్ణి నేనే. అయితే ఈ జబ్బులకు మందు ఉన్నది. తమిళనాడు వైద్య సేవల సంస్థ 1995లో పని మొదలుపెట్టిన తరువాత మందులను టెండర్ల ద్వారా ఒక్కచోట కొని, జిల్లా గిడ్డంగుల నుండి ఆసుపత్రులకు అందించసాగింది. అదే జీతం, అదే గోడలు. కాని బీరువాలో మందు ఉన్నది. ఆ పద్ధతిని తరువాత ఇతర రాష్ట్రాలు అనుసరించాయి. సర్కారు చేతకానిదన్న వాదానికి నేను చెప్పే సమాధానం ఆ బీరువా.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. మా కాలంలో ఇక్కడ ఆరవ తరగతికి రెండు విభాగాలు. నిన్న సాయంత్రం అదే గదిని చూసి వచ్చాను. సగం బల్లలు ఖాళీ. ఇక్కడ చదివి ఉద్యోగస్థులమైన మనం మన పిల్లలను ఆంగ్ల మాధ్యమ పాఠశాలలకు పంపాం. నేనూ పంపాను. అప్పటి నుండి ఈ పాఠశాల కప్పు కారితే అడిగే నోరు తగ్గింది. ధర్మాసుపత్రికి జరిగినదీ ఇదే. గట్టిగా అడుగగలిగినవారు బీమా పత్రం పుచ్చుకొని పక్క వీధిలోని ఆసుపత్రికి వెళ్లిపోయారు. మిగిలినవారు అడుగలేనివారు. అడిగేవారు లేనిచోట మంచి వైద్యుడు కూడా క్రమంగా అలసిపోతాడు. పేదలకు మాత్రమే అని వదిలివేసిన సేవ తుదకు పేద సేవగానే మిగులుతుంది.

కనుక నా విన్నపం ఇది. స్తోమత ఉన్నవారు బీమా తీసుకోండి. ఉన్న రోగాన్ని దాచకుండా స్వహస్తాలతో వ్రాయండి. కాని ఆ పత్రం ఉన్నదని ధర్మాసుపత్రి వాకిలిని మరచిపోకండి. బిడ్డ టీకాకు, రక్తపోటు పరీక్షకు ఒకసారి అక్కడికి వెళ్లండి. మందు లేకపోతే ఎందుకు లేదని మర్యాదగా, వ్రాతపూర్వకంగా అడగండి. రోగుల సంక్షేమ సంఘాలలో చోటు దొరికితే కాదనకండి. ఓటు అడుగవచ్చిన వారిని ఆ 2.5 శాతం ఏమైనదని ప్రశ్నించండి. బీమా మన ఇంటికి గొడుగు; ఆసుపత్రి ఊరికి చెట్టు. గొడుగు ఉన్నవాడు చెట్టును నరుకనీయరాదు.

చిరంజీవులారా! మీలో ఎవరి తండ్రి ఏ రాత్రి రిక్షాలో పడుకొని ఏ వాకిలి ముందు ఆగవలసి వస్తుందో ఎవరికీ తెలియదు. ఆ వాకిలి తెరచి ఉండాలి; లోపల మందు, వైద్యుడు ఉండాలి. మరునాడు ఆ బిడ్డకు అన్నం పెట్టి పాఠం చెప్పే పంతులుగారు ఈ వాకిట ఉండాలి. డెబ్బదియైదేళ్లు నిండిన ఈ సరస్వతీ నిలయం నూరేళ్ల పండుగ నాటికి ఆ రెండు వాకిళ్లూ తెరచియే ఉండాలని కోరుకుంటున్నాను.