ముప్పై ఆరేళ్ల మేయరమ్మ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కెనడా సంగతి ఏదైనా చెప్పమని నిర్వాహకులు అడిగారు. అక్కడి చలి గురించి మీరు చాలాసార్లు వినే ఉంటారు. అందుకని నేను ఉండే ఊరిని 36 ఏళ్లు నడిపిన ఒక పెద్దావిడ గురించి చెబుతాను. ఆవిడ పేరు హేజెల్ మెకాలియన్, ఊరు మిస్సిసాగా. టొరంటో విమానాశ్రయమని మనవాళ్లు దిగేది నిజానికి ఈ ఊళ్లోనే.

ఆవిడ 1921 ఫిబ్రవరి 14న క్విబెక్‌లోని పోర్ట్ డేనియల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. హైస్కూలు అయ్యాక కాలేజీకి పంపే స్తోమత ఇంట్లో లేదు. సెక్రటరీ పని నేర్చుకుని ఉద్యోగంలో చేరారు. మాంట్రియల్‌లో ఆటకు ఐదు డాలర్లు తీసుకుని ఐస్ హాకీ ఆడారు. పెళ్లయ్యాక స్ట్రీట్స్‌విల్ అనే ఊళ్లో స్థిరపడి, 1970లో దానికి మేయరయ్యారు. ఆ ఊరిని మిస్సిసాగాలో కలపవద్దని గట్టిగా పోరాడి ఓడిపోయారు. 1974లో ఊరు కలిసిపోయింది. అయినా ఆవిడ అలిగి ఇంట్లో కూర్చోలేదు. ఏ నగరం వద్దన్నారో ఆ నగర కౌన్సిల్‌కే పోటీ చేసి గెలిచి, 1978లో మేయరయ్యారు.

ఏడాది తిరిగేసరికి పెద్ద పరీక్ష వచ్చింది. 1979 నవంబర్ 10 అర్ధరాత్రి ముందు ఊరి నడుమ గూడ్సు రైలు పట్టాలు తప్పింది. ప్రొపేన్ ట్యాంకర్లు పేలాయి. క్లోరిన్ ట్యాంకరు నుంచి విషవాయువు బయటికి వచ్చింది. రెండు లక్షల మందికి పైగా జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. మేయరమ్మ కాలు బెణికినా కుంటుకుంటూనే తిరిగి జనానికి ఎప్పటికప్పుడు సంగతి చెప్పారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆ తర్వాత పొలాలున్న చోట కాలనీలు లేచాయి, జనాభా ఏడు లక్షలు దాటింది. కొత్త కాలనీలకు కావలసిన సదుపాయాల ఖర్చు వేసే బిల్డరే భరించాలని ఆవిడ పట్టుబట్టారు. దాంతో నగరం చాలా కాలం అప్పు లేకుండా నడిచింది. కారు లేనిదే కదలలేని ఊరు కట్టారన్న విమర్శా ఉంది, అందులో నిజమూ ఉంది. ఖాళీ స్థలాలు తగ్గాక ఆ రాబడి కూడా తగ్గింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. సిటీ హాలు దగ్గర హోటలు కట్టాలనుకున్న కంపెనీలో ఆవిడ కొడుక్కి వాటా ఉంది. ఆ పని కోసం ఆవిడ మాట సాయం చేశారు. న్యాయవిచారణ జరిగింది. సొంత మనిషి లాభం ఉన్న చోట ఆవిడ దూరంగా ఉండాల్సిందని 2011లో జడ్జిగారు నివేదిక ఇచ్చారు. పదవి నుంచి తొలగించాలని వేసిన కేసును కోర్టు 2013లో కొట్టేసింది. 2014లో 93వ ఏట ఆవిడే తప్పుకున్నారు. 2023 జనవరిలో 101 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆవిడ పుట్టినరోజునాడే ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికారు.

ఆ ఊరివాళ్లు ఆవిడను అంతగా ప్రేమించారు, అయినా లెక్క అడగడం మానలేదు. నాకు ఆ ఊళ్లో నచ్చింది ఇదే. మన సంఘం చేతిలోనూ నలుగురి డబ్బు ఉంది. కొత్త గదులు కట్టాలి, స్కాలర్‌షిప్పులు ఇవ్వాలి. సంఘాన్ని నడిపేవాళ్లు మనకు ఆప్తులే, వాళ్ల శ్రమ మనకు తెలుసు. అయినా ఏటా జమాఖర్చులు సభలో చదివి వినిపిద్దాం. మన బంధువులకు పని ఇచ్చే విషయం వస్తే, ఆ చర్చ అయ్యేదాకా లేచి బయటికి వెళదాం. జవాబు ఒక్కటే రాస్తే మా లెక్కల మాస్టారు మార్కులు వేసేవారు కాదు, చేసిన విధానం కూడా చూపించమనేవారు. డబ్బు ఇచ్చినవాళ్లు మనల్ని అడిగేదీ అదే.