నాన్న దిద్దించిన పేజీ



2002లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటి దగ్గర నోటుబుక్కులో హెచ్‌టీఎంఎల్ రాసుకుని వెళ్లి, నెట్ సెంటర్లో గంట అయిపోయేలోగా గబగబా టైపు చేసేవాణ్ణి. జియోసిటీస్‌లో ఉచితంగా చోటు దొరికింది. నాన్న మగ్గం మీద నేసే వెంకటగిరి నూలు చీరల గురించి పేజీ పెట్టాను. ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు పిచ్చిగీతల్లా కనిపించేది కనుక ఇంగ్లీషులోనే రాశాను.

వెతికేవాళ్లకు దొరకాలని కీవర్డుల్లోనూ, పేజీలోనూ 'పట్టు' అని చేర్చాను. కొన్నాళ్లకు బెంగళూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసి ఆరు పట్టుచీరలు అడిగారు. నాన్న ఫోన్ అందుకుని, "మావి నూలు చీరలమ్మా, పిల్లవాడు తప్పు రాశాడు" అన్నారు. బేరం పోయింది. ఆ డబ్బొస్తే నూలు కొన్న అప్పు తీరేది. నాన్న నన్ను తిట్టలేదు. "రేపు పోయి దిద్దిరా" అన్నారంతే.

దిద్దాను. నూలు రకం, నేయడానికి పట్టే రోజులు, ధర ఉన్నదున్నట్టు రాశాను. రెండు నెలలకు ఆవిడే రెండు నూలు చీరలు తెప్పించుకున్నారు.

2009లో జియోసిటీస్ మూతపడి, ఆ పేజీ పోయింది. ఆవిడ ఇప్పటికీ మా దగ్గరే కొంటున్నారు. ఇంటర్నెట్ మార్కెటింగ్‌లో అప్పుడు నేర్చిన కిటుకులు ఇప్పుడు పనికిరావు. ఈ బడిలో మన తెలుగు మాస్టారు, వ్యాసంలో లేనిపోని గొప్పలు రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవారు. నాన్న చేసిందీ అదే. ఆ పాఠం ఇంకా పనికొస్తోంది.