కత్తిరించిన ప్రశ్న

ఇది ఒక సబ్ ఎడిటర్ పేరిట జరిగే ఉపన్యాసం. సంపాదకుల పేరిట, కవుల పేరిట స్మారకోపన్యాసాలు మనకు చాలానే ఉన్నాయి. డెస్కులో కూర్చుని జీవితమంతా ఇతరుల కాపీ దిద్దిన మనిషిని తలుచుకునే సభలు తక్కువ. అందుకని పత్రికా స్వేచ్ఛ వంటి పెద్ద మాటల జోలికి పోను, డెస్కు పని గురించే మాట్లాడతాను. ఉదాహరణ మాత్రం దూరానిది, ఫ్లారిడా రాష్ట్రంలోని శాన్‌ఫర్డ్ అనే ఊరిది.

2012 ఫిబ్రవరి 26, ఆదివారం. చీకటి పడింది, వాన కురుస్తోంది. ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ల నల్లజాతి కుర్రాడు సెవెన్ ఇలెవెన్ దుకాణంలో స్కిటిల్స్ పొట్లం, ఒక కూల్ డ్రింకు కొనుక్కుని తాను బస చేసిన ఇంటికి నడిచి వస్తున్నాడు. అది గేటెడ్ కమ్యూనిటీ. అక్కడ అంతకుముందు దొంగతనాలు జరిగాయి. కాలనీ గస్తీ బాధ్యత చూసే జార్జ్ జిమ్మర్‌మన్ అతణ్ణి చూసి అనుమానపడి పోలీసులకు ఫోన్ చేశాడు. కొద్ది నిమిషాల్లో ఇద్దరూ కలబడ్డారు. జిమ్మర్‌మన్ తుపాకీ కాల్చాడు, కుర్రాడు చనిపోయాడు. ఆత్మరక్షణ కోసమే కాల్చానన్నాడు జిమ్మర్‌మన్. పోలీసులు ప్రశ్నించి ఆ రాత్రే వదిలేశారు.

మొదట్లో ఇది స్థానిక వార్తే. కుటుంబం బెంజమిన్ క్రంప్ అనే న్యాయవాదిని ఆశ్రయించింది. ప్రచారం పని తెలిసిన మనిషి ఒకరు తోడయ్యారు. మార్చి రెండో వారానికి రాయిటర్స్, సీబీఎస్ వార్తను అందుకున్నాయి. 16న ఇరుగుపొరుగువారు పోలీసులకు చేసిన ఫోన్ల రికార్డులు బయటికొచ్చాయి. 22న గవర్నర్ ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను వేశారు. మర్నాడు అధ్యక్షుడు ఒబామా, తనకు కొడుకుంటే ట్రేవాన్‌లాగే ఉండేవాడన్నారు. ఏప్రిల్ 11న, అంటే కాల్పులు జరిగిన 45 రోజులకు, జిమ్మర్‌మన్‌పై సెకండ్ డిగ్రీ మర్డర్ కేసు పెట్టారు.

ఇదంతా మీడియా గోల అని తర్వాత ఈసడించినవాళ్లున్నారు. ఆ గోలే లేకపోతే ఈ కేసు కోర్టు గడప తొక్కేదని నేననుకోను. ప్రచారకర్త చేతి మీదుగా వచ్చినంత మాత్రాన వార్త అబద్ధమైపోదు. ఆయుధం లేని పిల్లవాణ్ణి కాల్చి చంపితే దర్యాప్తు ఏమైందని అడగడం పత్రికల పని. అడిగాయి. కానీ చాలామంది అడిగి ఊరుకోలేదు, జవాబు కూడా తామే చెప్పేశారు.

ఎన్‌బీసీ సంగతి చూడండి. ఆ మార్చిలో ‘టుడే’ కార్యక్రమం జిమ్మర్‌మన్ ఫోన్ సంభాషణను వినిపించింది. ఇతగాడి వాలకం బాగాలేదు, నల్లవాడిలా ఉన్నాడు అని ఒక్క ఊపిరిలో అన్నట్టు వినబడింది. అసలు టేపు అలా లేదు. వాలకం బాగాలేదన్నాక, మత్తుమందేదో తీసుకున్నట్టున్నాడు, వానలో ఊరికే అటూ ఇటూ చూస్తూ తిరుగుతున్నాడు అన్నాడు. అప్పుడు అవతల ఫోన్ తీసిన ఉద్యోగి, అతను నల్లవాడా, తెల్లవాడా, హిస్పానిక్కా అని అడిగాడు. దానికి జవాబుగా వచ్చింది ఆ రెండో మాట. మధ్యలో ప్రశ్నను తీసేశారు. ఒక్క అక్షరం కొత్తగా చేర్చలేదు, కొన్ని క్షణాలు కోసేశారంతే. జాతి చూసి అనుమానించాడా అన్నదే దేశమంతా తర్జనభర్జన పడుతున్న విషయం. ఆ కోతతో టేపే దానికి సాక్ష్యం పలికినట్టయింది.

ఏప్రిల్ మొదట్లో ఎన్‌బీసీ క్షమాపణ చెప్పింది, ఉద్యోగాలు ఊడాయి. జిమ్మర్‌మన్ పరువు నష్టం దావా వేశాడు. 2014లో జడ్జి దాన్ని కొట్టేశారు. తెలిసి తెలిసి దురుద్దేశంతో చేశారని రుజువు కాలేదన్నారు. చట్టం దృష్టిలో ఎన్‌బీసీ బయటపడింది. నష్టపోయింది మాత్రం చనిపోయిన కుర్రాడి పక్షాన న్యాయం అడుగుతున్నవాళ్లు. ఆనాటి నుంచి ఎవరు ఈ కేసులో జాతి వివక్ష ఊసెత్తినా, అవతలివాళ్లు ఆ టేపు చూపించి నోరు మూయించారు. ఒక పక్షానికి మేలు చేద్దామనుకున్న సబ్ ఎడిటర్ ఆ పక్షం మెడకే ఎలా ఉరి బిగిస్తాడో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

మరో చానెల్ ఏబీసీ, పోలీస్ స్టేషన్ వీడియో వేసి జిమ్మర్‌మన్‌ ఒంటిమీద గాయాలేవీ కనబడటం లేదంది. కొద్ది రోజులకు అదే దృశ్యాన్ని శుభ్రం చేసి చూపితే తల వెనక దెబ్బ కనిపించింది. దానికన్నా క్లిష్టమైనది ఒక కేక విషయం. పొరుగింటావిడ ఫోన్ రికార్డులో వెనక నుంచి ఎవరో సాయం కోసం అరుస్తున్నారు. ఆర్లాండో సెంటినెల్ పత్రిక ఇద్దరు ఆడియో నిపుణులను సంప్రదించింది. అది జిమ్మర్‌మన్ గొంతు కాదని వాళ్లన్నారు, ఆ మాట దేశమంతా పాకింది. ఏడాది దాటాక, విచారణ మొదలయ్యే ముందు, ఆ విశ్లేషణ శాస్త్రీయంగా నిలవదని జడ్జి దాన్ని జ్యూరీ ముందుకు రానివ్వలేదు. అంత చిన్న అరుపును బట్టి మనిషిని పోల్చలేమని ఎఫ్‌బీఐ నిపుణుడు చెప్పాడు. కోర్టులో ఇద్దరి తల్లులూ సాక్ష్యం చెప్పారు. ఆ కేక మా అబ్బాయిదేనని ఇద్దరూ అన్నారు. నిపుణుణ్ణి పెట్టుకోవడం తప్పు కాదు, ఆ మాటను శీర్షికకు ఎక్కించేటప్పుడు దాని బలమెంతో తూచకపోవడం తప్పు.

ఫొటోల గొడవ మరొకటి. తొలి రోజుల్లో ట్రేవాన్‌ది ఎర్ర టీషర్టులో లేత ముఖం, జిమ్మర్‌మన్‌ది 2005లో పోలీసులు తీసిన పాత ఫొటో. విమర్శలు రాగానే కొందరు అటువైపు గెంతారు. కుర్రాడు స్కూల్లో సస్పెండైన సంగతి తవ్వి తీశారు. ఎవరిదో వేరే ఫొటో అతనిదని తిప్పారు. ఫాక్స్ వ్యాఖ్యాత ఒకాయన, చావుకు కాల్చినవాడెంత కారణమో తొడుక్కున్న హుడీ కూడా అంతే కారణమన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. దీన్నే చాలామంది సమతూకం అంటారు. ఇటు ఒక రాయి వేశాం కనుక అటూ ఒకటి వేస్తే లెక్క సరిపోతుందనుకోవడం నా దృష్టిలో నిష్పాక్షికత కాదు. ఆ రాత్రి కలబాటు ఎవరు మొదలుపెట్టారన్నది స్కూలు రికార్డు చెప్పదు, పాత కేసు ఫొటో కూడా చెప్పదు.

ఇలాంటి వార్తలో ఉన్న అసలు చిక్కు వేరు. బతికినవాడు కథ చెబుతాడు, చచ్చినవాడు చెప్పలేడు. కాల్చినవాడి మాటను అలాగే రాస్తే అది అతని పక్షమే అవుతుంది. నమ్మబుద్ధి కాక మన కథ అల్లితే అది కల్పనవుతుంది. మనకిది కొత్తేమీ కాదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లుతున్న దృశ్యాన్ని మన చానెళ్లు పదేపదే చూపించాయి. ఆ ఉదయం మాట్లాడగలిగినవారు కాల్చినవారే. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక తేల్చిందన్న సంగతి 2022లో బయటికొచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని హైకోర్టుకు పంపింది. ఆ నివేదికకు దక్కిన చోటు, ఆ ఉదయం పూలకు దక్కిన చోటు పక్కపక్కన పెట్టి చూడండి.

శాన్‌ఫర్డ్ కేసులో 2013 జూలై 13న ఆరుగురు మహిళల జ్యూరీ జిమ్మర్‌మన్ దోషి కాదంది. కొందరు నిర్దోషిత్వం రుజువైందని రాశారు, మరికొందరు హంతకుణ్ణి వదిలేశారని రాశారు. జ్యూరీ ముందున్నది ఇంకో ప్రశ్న: ఇది ఆత్మరక్షణ కాదని ప్రభుత్వం సందేహానికి తావులేకుండా నిరూపించిందా? లేదన్నారు వాళ్లు. ఆ కలబాటులో మొదటి చెయ్యి ఎవరిదో వాళ్లను ఎవరూ చెప్పమనలేదు, వాళ్లూ చెప్పలేదు. మర్నాటి వార్తలో ఆ ఒక్క వాక్యం రాయడానికి మూడు లైన్ల చోటు చాలు.