తప్పు కథది కాదు

1982లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘బ్లేడ్ రన్నర్’ది గట్టి కథ. ఫిలిప్ కె. డిక్ 1968లో రాసిన నవల దానికి ఆధారం. అచ్చం మనుషుల్లా ఉండే కృత్రిమ జీవులు, వాటికి నాలుగేళ్లే ఆయుష్షు, ఇంకొన్నాళ్లు బతకాలన్న ఆరాటం.

అయినా మొదట్లో చాలామంది పెదవి విరిచారు.

కథ అర్థం కాదేమోనన్న భయంతో హీరో హారిసన్ ఫోర్డ్ చేత వ్యాఖ్యానం చెప్పించారు. కళ్లకు కనిపిస్తున్నదాన్నే ఆ గొంతు మళ్లీ విప్పి చెబుతుంటే సన్నివేశం బలం సగం పోతుంది. చివర్లో సుఖాంతం అతికించారు. అందులోని కొండల దృశ్యాలు స్టాన్లీ క్యూబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం తీయించగా మిగిలినవి!

1992 కూర్పులో ఆ వ్యాఖ్యానం, సుఖాంతం రెండూ తీసేశారు. కథ మారలేదు, సినిమా నిలబడింది. ప్రేక్షకులు చూడదలిస్తే, దర్శకుడు రిడ్లీ స్కాట్ 2007లో స్వయంగా సరిదిద్దిన తుది కూర్పునే ఎంచుకోవాలి.